ఫిర్ క్యా హువా? – పది నిమిషాల కథ ఆట

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నాకు ముందు మాట్లాడిన పెద్దలు స్కాలర్‌షిప్పుల గురించి, హాస్టళ్ళ గురించి, ఆడపిల్లల చదువు గురించి మంచి మాటలు చెప్పినారు. అవన్నీ జరగాల్సినవే. వాటికి డబ్బు కావాలి, దరఖాస్తులు కావాలి, ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక కావాలి. నేను మనవి చేయబోయే దానికి ఇవేవీ అక్కర్లేదు. అది ఒక ఆట. ఆరుగురు మొదలు పన్నెండు మంది దాకా గుండ్రంగా కూర్చుని, ముందుగా ఎవరూ అనుకోని కథను అప్పటికప్పుడు అందరూ కలిసి అల్లే ఆట. బంతి అక్కర్లేదు, బ్యాటు అక్కర్లేదు, కరెంటు పోయినా ఆగదు. పది నిమిషాల్లో అయిపోతుంది. నా దగ్గర చదివే పిల్లలు దీనికి ‘ఫిర్ క్యా హువా’ అని పేరు పెట్టినారు. ‘తర్వాత ఏమైంది’ అని అర్థం.

పెద్దల సభలో పిల్లల ఆట ముచ్చటేంది మాస్టారూ అని కొందరు అనుకోవచ్చు. ఇది పిల్లలది మాత్రమే కాదు. మన ఇళ్ళల్లో మూతపడిపోతున్న నోళ్ళ సంగతి. అందుకే ఈ పదిహేను నిమిషాలూ దీనికే వాడుకుంటాను. పెద్దలు అనుమతించాలి.

నేను చాలా ఏళ్ళుగా ఉర్దూ మీడియం పిల్లలకు పాఠాలు చెప్తున్నాను. మన పిల్లవాడు ఇంట్లో మాట్లాడేది దక్కనీ. ‘నక్కో’ అంటాడు, ‘హౌ’ అంటాడు, ‘కైకూ’ అంటాడు. బడికి వస్తే పుస్తకంలో ఉర్దూ వేరే. అక్కడ ‘నక్కో’ తప్పు, ‘నహీ’ అనాలి. బజారుకు పోతే తెలుగు. ఆ తెలుగులో ఒత్తు పలక్కపోతే అంగట్లో ఉన్నవాళ్ళు నవ్వుతారు. కాలేజీకి పోతే ఇంగ్లీషు. ఇంక మన దూదేకుల సోదరుల ఇళ్ళల్లో తరతరాలుగా తెలుగే మాట. వాళ్ళ పిల్లలు మన పెళ్ళిళ్ళకు వస్తే, “ఏం బాబూ, ఉర్దూ రాదా?” అని ఎవరో ఒకరు అడిగి చిన్నబుచ్చుతారు. ఏ ఇంటి పిల్లవాడైనా సరే, నోరు తెరిస్తే చాలు, దిద్దడానికి నలుగురు సిద్ధంగా ఉంటారు. ఇట్లా దిద్దించుకుని దిద్దించుకుని ఎనిమిదో తరగతికి వచ్చేసరికి వాడు గట్టిగా నేర్చుకునే పాఠం ఒకటే: మాట్లాడకపోతే తప్పు రాదు.

ఆ పాఠం వాణ్ణి జీవితమంతా వదలదు. లెక్కల్లో తొంభై మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు ఇంటర్వ్యూలో “నీ గురించి చెప్పు” అంటే నేల చూపులు చూస్తాడు. బ్యాంకులో ఫారం ఇవ్వమని అడగలేక వెనక్కు వస్తాడు. ఆడపిల్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. మాట్లాడని పిల్ల మంచి పిల్ల అని మనమే పేరు పెట్టినాము. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూను రెండో అధికార భాషగా చట్టం చేసినారు. సంతోషమే. చట్టం వస్తే ఆఫీసుల మీద బోర్డులు మారతాయి. నోరు తెరిపించే పని మాత్రం ఇల్లు చేయాలి, బడి చేయాలి.

ఇప్పుడు ఆట సంగతికి వస్తాను. పద్ధతి కాగితం మీద రాసుకోవాల్సినంత పెద్దది కాదు, వింటే చాలు.

అందరూ గుండ్రంగా కూర్చోవాలి. కుర్చీలు వద్దు, చాప మేలు. కుర్చీ వేస్తే ఒకరు పెద్ద, ఒకరు చిన్న అయిపోతారు. ఒకరిని కథపెద్దగా పెట్టుకోవాలి. ఆయన పని గడియారం చూడటం, వరస తప్పకుండా చూడటం, అంతే. మొదట ముగ్గురు తలా ఒక మాట ఇస్తారు. ఒక మనిషి, ఒక చోటు, ఒక వస్తువు. ఉదాహరణకు: పోస్టుమాను, కె.సి. కాలువ గట్టు, తాళంచెవి. ఈ మూడూ కథలో రావాలి. మొదటి ఆయన రెండు వాక్యాలు చెప్పి ఆపుతాడు. ఆపగానే చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఒక్క గొంతుతో “ఫిర్ క్యా హువా?” అని అడగాలి. పక్కాయన అందుకుంటాడు. ఆయనా రెండు వాక్యాలే. అట్లా మొదటి చుట్టులో కథకు చిక్కుముడి పడుతుంది, రెండో చుట్టులో ఆ ముడి విప్పాలి. చివరి ఆయన “కథ కంచికి, మనం ఇంటికి” అంటే ఆట అయిపోయినట్టు.

నియమాలు నాలుగే. ఒకటి: ముందు ఆయన చెప్పినదాన్ని చంపకూడదు. ఆయన “ఏనుగు వచ్చింది” అన్నాడనుకోండి, మీరు “కాదు, అది ఏనుగు కాదు, అంతా కల” అనకూడదు. ఏనుగు వచ్చింది అంటే వచ్చినట్టే. దానికి మేత పెట్టండి, నీళ్ళు తాపండి, దాని మీద ఎక్కండి, మీ ఇష్టం. ఈ ఆటలో ‘నక్కో’ అన్న మాటకు చోటు లేదు. రెండు: ఏ భాషలోనైనా చెప్పవచ్చు. దక్కనీ చెప్పండి, తెలుగు చెప్పండి, రెండూ కలిపి చెప్పండి. అర్థం కానివాళ్ళకు పక్కన కూర్చున్నవాళ్ళు చెప్పాలి. మూడు: ఆట జరుగుతున్నంతసేపు ఎవరి మాటా దిద్దకూడదు. తప్పులుంటే రేపు బడిలో దిద్దుకుందాం. నాలుగు: ఏమీ తోచకపోతే “ఊ” అని పక్కవాళ్ళకు ఇవ్వవచ్చు. అది ఓటమి కాదు. ఈ ఆటలో ఓడేవాళ్ళు లేరు, గెలిచేవాళ్ళు లేరు.

ఈ చివరి మాట కొంచెం వివరించాలి. మన ఉర్దూ బడుల్లో బైత్‌బాజీ ఉంది. ఒకరు చదివిన షేర్ ఏ అక్షరంతో ముగిసిందో ఆ అక్షరంతో రెండో పక్షం ఇంకో షేర్ అందుకోవాలి. తెలుగు వాళ్ళ అంత్యాక్షరి లాంటిదే. చాలా గొప్ప ఆట. నేను ఏటా ఆడిస్తాను. అయితే అందులో జ్ఞాపకం ఉన్నవాడు నిలుస్తాడు, లేనివాడు మొదటి ఐదు నిమిషాల్లోనే బయట కూర్చుంటాడు. ఎవడికి నోరు తెరవడం ఎక్కువ అవసరమో వాడే ముందుగా బయటికి పోతాడు. కథ ఆటలో జ్ఞాపకంతో పని లేదు. పక్కవాడు చెప్పింది విన్నావా లేదా, అదొక్కటే పరీక్ష. వినకపోతే చెప్పలేవు. నా అనుభవంలో ఈ ఆట మొదట నేర్పేది మాట్లాడటం కాదు, వినడం.

ఆళ్లగడ్డలో ఒక ఇంట్లో ఆడిన ఆట చెప్తాను. పండగ తర్వాత బంధువులంతా కలిసినారు. భోజనాలైనాయి. మగవాళ్ళు ఒక గదిలో ఫోన్లు చూసుకుంటూ, ఆడవాళ్ళు వంటింటి దగ్గర గిన్నెలు కడుక్కుంటూ, పిల్లలు మెట్ల మీద. అందరినీ మిద్దె మీదికి పిలిచి కూర్చోబెట్టినాము. తొమ్మిది మంది అయినారు. ఆ ఇంటి నానీమా కూడా వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఆమెకు డెబ్భై దాటినాయి. “ముఝే క్యా ఆతా బాబా, మీరు ఆడుకోండి, నేను చూస్తా” అన్నారు. సరే, చూడండి నానీమా అన్నాము. ఇచ్చిన మూడు మాటలు శిల్పి, నంద్యాల బస్సు, రాయి. ఆళ్లగడ్డ శిల్పాలకు పేరుపడిన ఊరు కదా, ఉలి చప్పుడు వింటూ పెరిగిన పిల్లలకు మొదట నోటికి వచ్చేది శిల్పే.

మోటారు మెకానిక్కు పని చేసే అన్న మొదలుపెట్టినాడు. “ఆళ్లగడ్డలో ఒక శిల్పి ఉండె. వాని దగ్గర ఒక రాయి ఉండె. ఉలి పెట్టి కొడితే రాయి చిట్లేది కాదు, ‘ఊ’ అనేది.” అందరూ “ఫిర్ క్యా హువా?” ఇంటర్ చదివే పిల్లవాడు అందుకున్నాడు. “శిల్పి భయపడి దాన్ని నంద్యాలలో అమ్మేద్దామని బస్సు ఎక్కించినాడు. కండక్టర్ వచ్చి దీనికి ఫుల్ టికెట్టా, హాఫ్ టికెట్టా అన్నాడు.” అందరూ నవ్వినారు. ఆ పిల్లవాని చెల్లెలు, ఆరో తరగతి, అన్న మాట పడిపోకముందే “కండక్టర్ రాయినే అడిగినాడు, నీ వయసెంత అని. రాయి ‘ఊ’ అనింది. సిరివెళ్ల వచ్చేదాకా లెక్కపెట్టినా వాళ్ళకు ఆ ‘ఊ’ ఎన్నేళ్ళో తెలీలేదు” అనింది. ఇంటి కోడలు ఇంకో రెండు వాక్యాలు కలిపింది. నంద్యాలలో ఒక షావుకారు ఆ రాయి కొని గడప ముందర మెట్టుగా వేయించుకున్నాడట. ఎవరు కాలు పెట్టినా ‘ఊ’ అంటుందట. బ్యాంకులో పని చేసే అల్లుడు ముడి వేసినాడు. ఒకరోజు రాయి ఉన్నట్టుండి మూగబోయింది. షావుకారు డాక్టరును పిలిచినాడు, శిల్పిని పిలిచినాడు, ఎవరు తొక్కినా అది పలకలేదు.

వరస నానీమా దగ్గరికి వచ్చింది. కథపెద్ద ఆమెను దాటించి పక్కవాళ్ళను పిలవబోతే ఆమె చెయ్యి ఎత్తినారు. దక్కనీలో మెల్లగా చెప్పినారు. దాని తాత్పర్యం తెలుగులో ఇది. “ఆ రాయికి మాటలు రాక కాదు. ఇన్నేళ్ళు అందరి మాటలకూ ‘ఊ’ కొట్టింది. నీ సంగతేంది అని దాన్ని ఒక్కరూ అడగలేదు. అందుకని ఊరుకుంది.”

ఎవరూ “ఫిర్ క్యా హువా” అనలేదు. ఒక క్షణం మిద్దె మీద చప్పుడు లేదు. ఆమె కొడుకు తల వంచుకున్నాడు. అప్పుడు రెండో తరగతి చదివే ముని మనవడు, వాడి వరస కాకపోయినా, లేచి నానీమా దగ్గరికి పోయి, “నేను అడుగుతా. రాయీ, నీ కథ చెప్పు” అన్నాడు. ఆమె నవ్వినారు. రాయి కథ ఆమే చెప్పినారు. రెండు వాక్యాల నియమం ఎవరికీ గుర్తు లేదు. నల్లమల కొండలో ఎట్లా ఉండేది, ఎవరు పగలగొట్టుకొచ్చినారు, బండి మీద వస్తుంటే దారిలో ఏమేం చూసింది. పది నిమిషాల ఆట గంట దాటింది. ఆ ఇంట్లో పిల్లలకు అంతవరకూ నానీమాకు కథలు వస్తాయని తెలియదు. అదే ఇల్లు, అదే మనుషులు. అడగలేదు, అంతే.

నేను దీన్ని కల్పించి గొప్ప చేయడం లేదు. మన ఇళ్ళల్లో ఇట్లాంటి నానీమాలు, జేజిలు ఎందరో ఉన్నారు. చదువు రాదు గనక వాళ్ళకు ఏమీ రాదని మనం అనుకుంటాము. వాళ్ళ నోట ఉన్న దక్కనీ కథలు, సామెతలు, పొడుపులు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్ళతోనే వచ్చినాయి, మనం అడగకపోతే వాళ్ళతోనే పోతాయి.

ఈ ఆట ఏదో కొత్తది, బయటి నుంచి వచ్చింది అనుకోవద్దు. దీని వేర్లు మన దగ్గరే ఉన్నాయి. కథ చెప్పేటప్పుడు ‘ఊ కొట్టడం’ అనే ఆచారం తెలుగులో ఉంది. ఊ కొట్టేవాడు నిద్రపోతే కథ ఆగిపోతుంది. ఉర్దూలో దాన్నే ‘హుంకారీ భర్‌నా’ అంటారు. “ఏక్ థా బాద్షా, హమారా తుమ్హారా ఖుదా బాద్షా” అని మన దాదీలు కథ మొదలుపెట్టేవారు. తెలుగులో “అనగనగా ఒక రాజు”. పగటి పూట కథ చెప్తే దారిన పోయే ముసాఫిర్ దారి తప్పుతాడని కూడా అనేవారు. పగలు పని మానుకుని కథల్లో కూర్చోకుండా పెద్దలు పెట్టిన కట్టుబాటు అది అని నేను అనుకుంటాను. రాత్రి అన్నం తిన్నాక కథ. అదే సరైన వేళ.

పెద్ద దర్బారుల్లోనూ కథకు గౌరవం ఉండింది. 1635లో గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో ముల్లా వజ్‌హీ ‘సబ్‌రస్’ అనే కథను దక్కనీ వచనంలో రాసినాడు. ఏ దక్కనీని మనం తప్పు ఉర్దూ అని పిల్లల నోట్లోంచి తుడిచేస్తున్నామో, ఆ దక్కనీలో! ఉత్తరాదిన దాస్తాన్‌గోలు ఉండేవారు. అమీర్ హంజా దాస్తాన్‌ను రాత్రుల తరబడి చెప్పేవారు. పుస్తకం చూసి కాదు, ఎదుటివాళ్ళ ముఖాలు చూసి, అప్పటికప్పుడు పెంచుతూ తగ్గిస్తూ. లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్సు ఆ దాస్తాన్‌ను అచ్చు వేస్తే 46 సంపుటాలైంది. ఢిల్లీలో ఆఖరి దాస్తాన్‌గో అని పేరున్న మీర్ బాకర్ అలీ 1928లో చనిపోయినాక ఆ విద్య దాదాపు మూతపడింది. ఉర్దూ పండితులు షంసుర్ రహమాన్ ఫారూఖీ గారి ప్రోత్సాహంతో 2005లో ఢిల్లీలో దాన్ని మళ్ళీ ఎత్తుకున్నారు. డెబ్భై ఏడేళ్ళు మూగగా ఉన్న విద్య మళ్ళీ పలికింది అంటే, మన ఇళ్ళల్లో కథ పలకడం అసాధ్యం కాదు.

మన తెలుగు నేల మీదికి వస్తే షేక్ నాజర్ గారి పేరు చెప్పకుండా ఉండలేను. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పేద దూదేకుల ఇంట పుట్టినారు. బుర్రకథకు పితామహుడు అనిపించుకున్నారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు చెప్పి వేలాది జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టినారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశారు. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. ఏ పేరు పెట్టి లోకం చిన్నచూపు చూసిందో ఆ పేరే పుస్తకానికి పెట్టుకున్నారు. బుర్రకథలో ఎంత మంది ఉంటారు? ముగ్గురు. నడుమ కథకుడు తంబుర పట్టుకుని నిలబడతాడు. రెండు పక్కలా వంతలు డక్కీలు వాయిస్తారు. ఒక వంత నవ్విస్తాడు, ఇంకో వంత నాటి రాజకీయాలు కలుపుతాడు. ఇద్దరూ నడుమనడుమ ప్రశ్నలు వేసి కథను ముందుకు నెడతారు. అంటే బుర్రకథలో కూడా ‘ఫిర్ క్యా హువా’ అనేవాడు లేకపోతే కథ నడవదు. అడిగేవాడికి చెప్పేవాడితో సమానంగా వేదిక మీద చోటు ఇచ్చిన విద్య అది.

తెలుగు పండితుల అష్టావధానంలో ‘దత్తపది’ అని ఒకటి ఉంది. పృచ్ఛకుడు పొంతన లేని నాలుగు మాటలు ఇస్తాడు. అవధాని వాటిని కూర్చి అప్పటికప్పుడు పద్యం చెప్పాలి. మన ఆటలో మూడు మాటలు ఇవ్వడం దానికి చిన్న తమ్ముడు. తేడా ఏమంటే అక్కడ ఒక్క పండితుడు చేసే పనిని ఇక్కడ పండితులు కాని తొమ్మిది మంది పంచుకుంటారు.

బయటి దేశాల్లో కూడా ఉపాధ్యాయులు ఇదే దారి పట్టినారు. అమెరికాలో షికాగో నగరంలో హల్ హౌస్ అనే సేవాసంస్థ ఉండేది. అక్కడికి పలు దేశాల నుంచి వలస వచ్చిన పేద కుటుంబాల పిల్లలు వచ్చేవారు. ఒకరి భాష ఒకరికి రాదు. అక్కడ నీవా బాయిడ్ అనే ఆమె దగ్గర ఆటల విద్య నేర్చుకున్న వయోలా స్పోలిన్, తర్వాత వలస కుటుంబాల పిల్లలతో అప్పటికప్పుడు కథలు కట్టే ఆటలు ఆడించినారు. 1963లో ఆ ఆటలన్నీ పుస్తకంగా వేసినారు. నేటికీ నాటకాల వాళ్ళు దాన్ని చదువుతారు. నాటకాల వాళ్ళ చేతికి పోకముందు అది భాష రాని పిల్లల నోరు తెరిపించడానికి వాడిన ఆట అని మనం గుర్తుంచుకోవాలి. ఇటలీలో జాన్ని రొదారి అని ఒక రచయిత, ఒకప్పుడు బడిపంతులు. ఆయన 1973లో కథలు కట్టడం ఎట్లాగో ఉపాధ్యాయులకు చెప్తూ ఒక పుస్తకం రాసినారు. ఒక మాట ఇస్తే కథ పుట్టదు, ఒకదానికొకటి సంబంధం లేని రెండు మాటలు పక్కపక్కన పెడితే పుడుతుంది అన్నది ఆయన సిద్ధాంతం. కుక్క, బీరువా అన్నారు. బీరువాలో కుక్క ఎందుకుంది? కుక్క వీపు మీద బీరువా ఎట్లా వచ్చింది? ప్రశ్న పుడితే కథ పుట్టినట్టే. మన దత్తపది వాళ్ళకు ఈ రహస్యం ఎప్పుడో తెలుసు.

ఇంక కష్టాలు కూడా చెప్పాలి. ఆట పెట్టగానే అంతా సవ్యంగా జరుగుతుందని అనుకోవద్దు.

మొదటిది, మగపిల్లలు రెండో వాక్యానికే సినిమా ఫైటింగు తెస్తారు. హీరో వస్తాడు, అందరినీ చంపుతాడు, కథలో మనుషులే మిగలరు. దీనికి మేము పెట్టుకున్న నియమం ఏమంటే, కథలో ఎవరినైనా కొట్టవచ్చు గానీ చంపకూడదు, చచ్చినవాడు మాట్లాడడు గనక కథకు నష్టం. పిల్లలు దీన్ని బాగానే ఒప్పుకుంటారు. రెండోది, మాటకారి ఒకడు ఉంటాడు. రెండు వాక్యాలు అంటే ఇరవై చెప్తాడు. కథపెద్ద చెయ్యి తట్టి ఆపాలి. ఆ మాటకారి ఇంటి పెద్దే అయితే కష్టం. అప్పుడు చిన్నపిల్లను కథపెద్దగా పెట్టండి, పెద్దాయన నవ్వుకుంటూ ఆగుతారు. మూడోది, కథ సాకుతో వీధిలోవాళ్ళ పేర్లు తెచ్చి ఎగతాళి చేయడం. దీన్ని మొదటి రోజే ఆపాలి. నిజం మనుషుల పేర్లు కథలో రాకూడదు. నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, నవ్వు. కథకు నవ్వితే మంచిది. మనిషి భాషకు నవ్వితే ఆ మనిషి మళ్ళీ చాప మీదికి రాడు.

నంద్యాలలో నా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. మొదటి నెలంతా “ఊ” అని పక్కకు ఇచ్చేది. ఎవరూ ఏమీ అనలేదు. రెండో నెలలో ఒకరోజు “ఊ” బదులు “ఆ డబ్బాలో ఉత్తరం ఉండె” అనింది. అంతే, నాలుగు మాటలు. కానీ ఆ నాలుగు మాటల మీద ఆ రోజు కథంతా తిరిగింది. తర్వాతి పిల్లలందరూ ఆ ఉత్తరాన్నే పట్టుకున్నారు. తాను చెప్పిన మాటను పదిమంది ఎత్తుకుని నడిపించడం ఆ పిల్ల మొదటిసారి చూసింది. ఆ పిల్ల ఇవ్వాళ కూడా ఎక్కువ మాట్లాడదు. ఆటతో స్వభావం మారిపోతుందని నేను చెప్పను. కానీ అవసరమైనప్పుడు చెయ్యి ఎత్తుతుంది. నాకు అది చాలు.

కొందరు పెద్దలు నన్ను అడిగినారు, కథలంటే అబద్ధాలే కదా మాస్టారూ, పిల్లలకు అబద్ధం నేర్పవచ్చునా అని. అబద్ధం చెప్పేవాడు ఇది నిజం అని నమ్మిస్తాడు. కథ చెప్పేవాడు “ఏక్ థా బాద్షా” అని ముందే చెప్పి మొదలుపెడతాడు. తెలుగువాళ్ళ సామెత కూడా ఉంది కదా, కథకు కాళ్ళు లేవు, ముంతకు చెవులు లేవు అని. వినేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. ఇందులో మోసం లేదు. ఇంకొందరు పరీక్షలున్నాయి, టైము యాడుందన్నారు. రోజూ వద్దు. వారానికి ఒక్కసారి, పది నిమిషాలు. ఫోను చేతిలోకి తీసుకున్నాక పది నిమిషాలు ఎట్లా పోతాయో అందరికీ తెలుసు.

చివరగా మన సంఘానికి మూడు మనవులు. ఒకటి, ప్రతి మొహల్లాలో నెలకు ఒక రాత్రి, భోజనాలైనాక, ఎవరో ఒకరి మిద్దె మీద ఈ ఆట పెట్టండి. దక్కనీ మాట్లాడే ఇల్లు, తెలుగు మాట్లాడే ఇల్లు ఒకే చాప మీద కూర్చోవాలి. “ఉర్దూ రాదా?” అన్న ప్రశ్న ఆ చాప మీద ఎవరూ అడగకూడదు. నంద్యాల వాళ్ళు ఆళ్లగడ్డకు, ఆళ్లగడ్డ వాళ్ళు నంద్యాలకు ఏడాదికి ఒక్కసారైనా రండి. రెండూళ్ళ మధ్య 40 కిలోమీటర్ల చిల్లరే, బస్సులోనే ఒక కథ అయిపోతుంది. రెండు, ముసలి తల్లులు చెప్పే కథలను వాళ్ళ అనుమతితో ఫోనులో రికార్డు చేసి పెట్టండి. వినడానికి టైము లేకపోయినా దాచండి, మీ పిల్లలకు ఉంటుంది. వచ్చే ఏటి ఈ సంచికలో రెండు మూడు కథలైనా అచ్చు వేయిస్తే బాగుంటుంది, కార్యదర్శి గారు ఆలోచించాలి. మూడు, వచ్చే వార్షిక సమావేశంలో ప్రసంగాలలో ఒకటి తగ్గించి, కావాలంటే నాదే తగ్గించి, ఆ సమయం ఈ ఆటకు ఇవ్వండి. వేదిక మీదివాళ్ళు కూడా కిందికి దిగి చాప మీద కూర్చోవాలి.

ఇప్పటికిప్పుడు మొదలుపెట్టాలనుకునే వాళ్ళకు మూడు మాటలు ఇస్తున్నాను, రాసుకోండి. ఇవ్వాళ రాత్రి ఇంటికి పోయినాక వీటితో ఆడండి. మనిషి: గాజులమ్మే ఆమె. చోటు: కుందూ నది ఒడ్డు. వస్తువు: పలకని గడియారం. మొదటి రెండు వాక్యాలు ఇంట్లో అందరికన్నా తక్కువ మాట్లాడేవాళ్ళను చెప్పమనండి. వాళ్ళు ఆగగానే మిగిలినవాళ్ళు ఏమనాలో మీకు తెలుసు.